వుకాదిన్ మేస్త్రి పది శాతం డబ్బా

ఆ రోజు పొద్దున్నే వుకాదిన్ మేస్త్రి చేత ఆయన భార్య స్తానియా ఒట్టు వేయించుకుంది. "ఈ ఒక్క పూటకి ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఆవిడ నీకు పని ఇవ్వడానికి వస్తోంది, కథ వినడానికి కాదు," అంది, ఆయన కోటు గుండీలు తనే పెడుతూ. మేస్త్రి ఒట్టు వేశాడు. వేసేటప్పుడు నిజంగానే వేశాడు. పాపం, అబద్ధం చెప్పాలని ఆయన ఏనాడూ ఇంట్లోంచి బయల్దేరడు. నిజాన్ని వెంటబెట్టుకునే బయల్దేరతాడు, దారిలో ఎక్కడో ఆ నిజం వెనకబడిపోతుంది, ఈయన మాత్రం ఆగడు.

నిష్ పట్నంలో నది మీది వంతెనకి ఆనుకుని రాదిసావ్ నడిపే కఫానా ఉంది. కాఫీ, రేగుపళ్ళ సారా, మధ్యాహ్నమైతే భోజనం దొరుకుతాయి, కబుర్లు మాత్రం ఏ వేళకైనా దొరుకుతాయి. సెప్టెంబరు నెల కాబట్టి రాదిసావ్ వాకిట్లో రేకు పొయ్యి పెట్టి, చలికాలం పచ్చడి కోసం బొద్దు బొద్దు ఎర్ర మిరపకాయలు కాలుస్తున్నాడు. పొగ వీధంతా కమ్ముకుంది. అలవాటు బల్ల దగ్గర తిహొమిర్ మాస్టారు అప్పటికే కూర్చుని ఉన్నాడు. బళ్ళో ముప్పై ఐదేళ్ళు భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. మేస్త్రి కోత ఒకటి కోసినప్పుడల్లా బల్ల మీద ఒక అగ్గిపుల్ల పెట్టడం ఆయనకి సరదా. మేస్త్రి వస్తున్నాడని చూసి, జేబులోంచి కొత్త అగ్గిపెట్టె తీసి ముందు పెట్టుకున్నాడు. ఈ రోజు దాంతో పని లేదు మాస్టారూ అని మేస్త్రి గంభీరంగా చెప్పి కూర్చున్నాడు.

ఆయన భయం ఆయనది. నలభై ఏళ్ళు ఆ ఊళ్ళో రేడియోలు, టీవీలు, రికార్డు ప్లేయర్లు బాగుచేసిన మనిషి. కొట్టు మూసి ఆరేళ్ళయింది. ఇప్పుడు పాడైనదాన్ని బాగుచేయించేవాళ్ళు ఎవరున్నారు, పారేసి కొత్తది కొనుక్కోవడమే. ఆరేళ్ళలో ఒక్కరూ ఒక్క వస్తువు తెచ్చి ఇది చూడు మేస్త్రీ అనలేదు. చేతులు ఊరుకోక ఇంట్లో ఇస్త్రీ పెట్టె మూడుసార్లు విప్పి బిగించాడు, దానికి ఏ జబ్బూ లేదు. పని లేకపోవడం ఆయనకి ఆకలి కన్నా ఎక్కువ బాధగా ఉంది. అలాంటప్పుడు వారం కిందట రాదిసావ్ కబురు చేశాడు, దెసాంకా అనే ఆవిడ నీ గురించి అడిగింది, శనివారం వస్తానంది అని.

ఆవిడ చెప్పిన టైముకే వచ్చింది. అరవై ఐదు దాటిన మనిషి, నల్ల బట్టల్లో ఉంది. కుర్చీలో కూర్చుని, ఒళ్ళో పెట్టుకున్న గుడ్డసంచి మీద రెండు చేతులూ ఆనించింది. ఆ సంచిలో ఉన్నది ఒక గ్రామఫోను రికార్డు. 1971లో ఊరి ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీ ఆడవాళ్ళ బృందం పాడిన పాటలవి, రెండు వందల ప్రతులే వేశారు. అందులో రెండు పాటలు ఆవిడ అక్క మిలుంకా ఒక్కతే పాడింది. మిలుంకా మొన్న ఆగస్టులో పోయింది. ఆమె గొంతు ఇంకెక్కడా లేదు, ఉన్న ప్రతులన్నీ అరిగిపోయాయి, ఇదొక్కటే శుభ్రంగా మిగిలింది. దీన్ని ఒకే ఒక్కసారి సూది కింద తిప్పి, కంప్యూటర్లోకి ఎక్కించి, మిలుంకా ముగ్గురు కూతుళ్ళకీ ఇవ్వాలని దెసాంకా కోరిక. బెల్‌గ్రేడులో ఒక స్టూడియో వాళ్ళు చేస్తామన్నారట. ఒంటి గంట బస్సుకి టికెట్టు కూడా కొనేసింది. కాకపోతే మొన్న అక్క నలభయ్యో రోజు భోజనాలకి చెప్పుకుందామని ఈ కఫానాకి వచ్చినప్పుడు, కౌంటరు వెనక ఏదో పాత రికార్డు తిరుగుతోంది. పాడే మనిషి పక్క బల్ల దగ్గర కూర్చుని పాడుతున్నట్టే ఉందట. ఎవరు చేశారిది అని అడిగితే రాదిసావ్ మేస్త్రి పేరు చెప్పాడు.

"అందుకని ఒక మాట అడిగి పోదామని ఆగాను. ఆ పెట్టె మీరెలా చేశారో చెప్పండి మేస్త్రి గారూ. విన్నాక ఇది మీకివ్వాలో, బస్సెక్కాలో చూసుకుంటాను," అంది దెసాంకా.

పెట్టె అంటే రికార్డు ప్లేయరుకి తగిలించే ప్రీఆంప్. రికార్డు చెక్కేటప్పుడు మంద్ర స్వరాలని తగ్గించి, సన్న స్వరాలని పెంచి చెక్కుతారు, లేకపోతే ఒక గాడి పోయి పక్క గాడిలో పడుతుంది. వినేటప్పుడు ఈ పెట్టె తగ్గినదాన్ని అంతే పెంచి, పెరిగినదాన్ని అంతే తగ్గించి, పాటని మళ్ళీ మామూలు చేస్తుంది. ఆ "అంతే" అన్నదాన్ని పట్టి ఉంచేవి లోపలుండే నాలుగు రెసిస్టర్లు, నాలుగు కెపాసిటర్లు. వాటి విలువ రాసినదానికన్నా కాస్త అటూ ఇటూ అయిందా, గొంతు బొంగురుపోతుంది, లేదా కీచుమంటుంది. ఎడమ వైపువీ కుడి వైపువీ ఒకదానికొకటి కలవలేదా, మధ్యలో నిలబడి పాడే మనిషి ఒక పక్కకి జరిగిపోతుంది. ఇవన్నీ మేస్త్రి ఆవిడకి చక్కగా, ఓపికగా, ఒక్క ముక్క పెంచకుండా చెప్పాడు. మాస్టారు ఆశ్చర్యపోయి అగ్గిపెట్టె మూసేశాడు.

దెసాంకా తల ఊపలేదు. అలాగా అనలేదు. మొహంలో ఏ మార్పూ లేకుండా వింటూ కూర్చుంది. మేస్త్రి కుర్చీ కాస్త ముందుకి జరుపుకున్నాడు. చెప్పింది చాలలేదు కాబోలు అనుకున్నాడు.

"మరి అదేమైనా సామాన్యమైన సంగతా అండీ. ఎనభై మూడో సంవత్సరం. ఈ రాదిసావ్ వాళ్ళ నాన్న కొత్త రికార్డు ప్లేయరు కొన్నాడు, పాట పెడితే గోనెసంచిలోంచి పాడినట్టుంది. నన్ను పిలిచాడు. నేనేం గొప్ప చెప్పుకోవడం లేదు, ఊళ్ళో అప్పటికి ముగ్గురు మేస్త్రీలున్నారు, మిగతా ఇద్దరూ చేతులెత్తేశాకే నన్ను పిలిచాడు. విన్నాను. బాబూ, దీని లోపలి కెపాసిటర్లు సరైనవి కావు, కొత్త పెట్టె కట్టాలి అన్నాను. సరే, కట్టడానికి సామాను కావాలి కదా. అసలైన సామానంతా మిలటరీకి పోయేది. మాలాంటి వాళ్ళకి దొరికేది పది శాతం సరుకు. అంటే దాని మీద వంద అని రాసుంటే, అది తొంభై అవ్వచ్చు, నూటపది అవ్వచ్చు, దాని ఇష్టం. ఆదివారం సంతలో అలాంటిది వెయ్యి కెపాసిటర్ల డబ్బా ఒకటి కొన్నాను. ఆ తర్వాత ఏం చేశానో తెలుసా?"

మాస్టారు అగ్గిపెట్టె తెరిచాడు.

"ఆ వెయ్యింటినీ ఈ బల్ల మీదే గుమ్మరించి, ఒక్కొక్కదాన్నీ చెవి దగ్గర పెట్టుకుని గోటితో మీటాను. సరైనదైతే టింగుమంటుంది. కానిదైతే టొక్కుమంటుంది. మధ్యాహ్నం భోజనం వేళకి నాలుగంటే నాలుగు దొరికాయి, వెంట్రుకవాసి తేడా లేనివి."

కెపాసిటర్ మోగదు కదా మేస్త్రీ అన్నాడు మాస్టారు, ఒక పుల్ల బల్ల మీద పెడుతూ.

"నీకు మోగదు మాస్టారూ. పిల్లల గోలలో ముప్పై ఐదేళ్ళున్నావు, నీకు గుడి గంటే సరిగ్గా వినపడదు."

దెసాంకా నవ్వలేదు. ఒకసారి కఫానా గోడ గడియారం వైపు చూసింది. పన్నెండున్నర కావస్తోంది. మేస్త్రి ఆ చూపు చూశాడు. ఒట్టు ఆయనకి గుర్తులేదని కాదు. గుర్తుంది. కానీ బస్సు ఒట్టు కన్నా దగ్గర్లో ఉంది.

"చెవి మీద నమ్మకం లేకపోతే నాలుకుంది. సందేహం వచ్చినవాటిని నాలుక మీద పెట్టుకుని చూశాను. రెండు శాతం ఎక్కువుంటే పచ్చి రేగుపండులా చిన్న పులుపు తగులుతుంది. తక్కువైతే చప్పగా, ఉప్పు మరిచిపోయిన చారులాగా ఉంటుంది. సరిగ్గా ఉన్నదానికి రుచే ఉండదు, మంచినీళ్ళే. అలా ఏరిన నాలుగింటితో పెట్టె కట్టి, ప్లేయరు తిప్పాను. ఏమైందంటారు? పాడే ఆవిడ ఊపిరి తీసుకోవడం వినిపించింది. అది సరే. జాకెట్టు గుండీ ఒకటి వదులుగా ఉన్నట్టు వినిపించింది. కాసేపటికి ఆవిడ పొద్దున క్యాబేజీ కూర తిని వచ్చిందని కూడా తెలిసిపోయింది. ఇదిగో ఈ రాదిసావే అన్నాడు, ఉల్లిపాయ కాస్త ఎక్కువేసినట్టున్నారు అని."

అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు, నేనేమీ అన్లేదు అని పొయ్యి దగ్గర్నుంచి రాదిసావ్ చెప్పాడు. మిరపకాయని పటకారుతో తిప్పుతూ, నవ్వు ఆపుకుంటున్నాడు.

"అన్నావు. చిన్నపిల్లాడివి, నీకు గుర్తులేదు. అంతెందుకు, ఆ పాట రికార్డు చేసిన హాలు బయట వీధిలో ట్రాము వెళ్తోంది. దాని చప్పుడు వినిపించింది. ట్రాములో కండక్టరు కూనిరాగం తీస్తున్నాడు. శ్రుతి తప్పి తీస్తున్నాడు. ఆ తప్పు ఎంతో కొలిచి చెప్పాను నేను."

మాస్టారు మూడు పుల్లలు ఒకేసారి పెట్టాడు. గోరంతని కొండంత చేసేవాళ్ళని చూశాం గానీ, గోరు కూడా లేకుండా కొండ కట్టేవాడిని నిన్నే చూశాను అన్నాడు. మేస్త్రి ఆ మాట వినిపించుకోలేదు. ఆయన కళ్ళు దెసాంకా చేతుల మీదే ఉన్నాయి. ఆ చేతులు సంచిని ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాయి. మాట అనేది లోతు తెలియని నుయ్యి, దిగినకొద్దీ దిగాల్సి వస్తుంది. మేస్త్రి దిగాడు.

"ఈ సంగతి బయటికి పొక్కి, వియన్నా నుంచి నలుగురు ఇంజినీర్లు దిగారు. కారు డిక్కీ నిండా మీటర్లే. పెట్టెకి తీగలు తగిలించారు. మంద్ర స్వరం నుంచి సన్న స్వరం దాకా ఒక్కొక్కటీ పంపి చూస్తున్నారు, ఎక్కడ ఎంత తేడా ఉందో ముల్లు చెప్పాలి. ముల్లు కదల్లేదు. మీటరు పాడైందనుకుని తట్టారు. ఇంకో మీటరు తెచ్చారు. అదీ కదల్లేదు. ఆఖరికి వాళ్ళలో పెద్దాయన, తెల్ల గడ్డం, ఇదిగో ఈ కుర్చీలో కూలబడి ఏడ్చాడు. నలభై ఏళ్ళ సర్వీసులో సున్నా ఎలా ఉంటుందో ఇవాళ చూశాను నాయనా అన్నాడు. నా కెపాసిటర్లలో ఒకటి ఇమ్మని బతిమాలాడు. మిగిలినదాంట్లోంచి ఇచ్చాను, నాకేం పోయె. ఇప్పుడు దాన్ని అద్దాల పెట్టెలో పెట్టి, మిగతా లోకంలోని కెపాసిటర్లన్నిటినీ దాంతో పోల్చి చూసుకుంటున్నారట."

నాలుగే దొరికాయన్నావు, నాలుగూ పెట్టెలో పెట్టావు, వాళ్ళకిచ్చింది ఏది అని మాస్టారు అడిగాడు. ఐదోది అన్నాడు మేస్త్రి తడుముకోకుండా. ఐదోదాని సంగతి నేనెప్పుడూ బయట చెప్పుకోను, గొప్పలంటారని.

"అసలు విశేషం వాళ్ళు వెళ్ళాక జరిగింది. ఈ బల్ల ఉంది చూశారూ, దీనికి ఒక కాలు పొట్టి. రాదిసావ్ వాళ్ళ నాన్న కాలం నుంచీ దాని కింద అట్టముక్క పెట్టేవాళ్ళు. ఆ పెట్టెలోంచి వచ్చే పాట ఎంత సమంగా ఉందంటే, వారం తిరక్కుండా బల్ల తిన్నగా నిలబడింది. అట్టముక్క తీసేశారు. నెల తిరిగేసరికి కఫానా నేల మట్టమైంది, వాన నీళ్ళు ఎటు పోవాలో తెలియక మధ్యలో నిలబడేవి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వంతెన. మధ్యలో జానెడు కుంగి ఉండేది. కిటికీ తెరిచి పాటలు పెట్టేవాళ్ళు కదా, ఏడాదిలో అదీ తిన్నగా లేచింది."

వంతెనని ఆ ఏడాదే పడగొట్టి కొత్తది కట్టారు మేస్త్రీ, నా కళ్ళ ముందే కట్టారు అన్నాడు మాస్టారు.

"ఎవరు కట్టారు? అది పాతదే. తిన్నగా అయిపోయేసరికి మీరెవరూ గుర్తుపట్టలేదు."

రాదిసావ్ పటకారు కింద పడేసి మరీ నవ్వాడు. మాస్టారు అగ్గిపెట్టెలో మిగిలిన పుల్లలన్నీ బల్ల మీద బోర్లించాడు, ఇంక లెక్క నా వల్ల కాదు అని. నవ్వు చూసి మేస్త్రికి కూడా ఉత్సాహం వచ్చి, పాట విని నది ఎదురు పారిన సంగతి ఎత్తుకోబోయాడు. దెసాంకా చెయ్యెత్తి ఆపింది.

"నది సంగతి ఉండనివ్వండి. ఆ డబ్బా మీద ఏ అక్షరం ఉంది?"

ఇంతసేపటికి ఆవిడ నోరు తెరిచి అడిగిన ప్రశ్న, అదీ సామాను గురించి. మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది. పది శాతం సరుకుకి కొట్టే 'కె' అక్షరం అన్నాడు.

"జె కాదు కదా?"

"జె అయితే అందులో నా గొప్పేముందండీ? అది ఐదు శాతం సరుకు, ఎవడైనా కడతాడు. అచ్చంగా కె."

"మీకన్నా ముందు ఎవరైనా తెరిచి ఏరుకున్న డబ్బా ఏమో?"

"అబ్బే. ఫ్యాక్టరీ సీలు నా చేత్తో నేనే తెంచాను. ఎర్ర లక్క సీలు."

"అవును, ఎర్ర లక్కే," అంది దెసాంకా. "అది వేసింది నేనో, నా పక్క కుర్చీ మనిషో అయ్యుంటాం. నేను ఈ ఊరి ఫ్యాక్టరీలోనే పంతొమ్మిదేళ్ళు సార్టింగు బల్ల దగ్గర కూర్చున్నాను, మేస్త్రి గారూ. కెపాసిటర్లు నా దగ్గరికి అక్షరం లేకుండా వచ్చేవి. ఒక్కొక్కటీ మీటరు కింద పెట్టేదాన్ని. ఐదు లోపల ఉంటే జె గిన్నెలో వేసేదాన్ని, అది మిలటరీకీ విదేశాలకీ పోయేది. ఐదు దాటి పది లోపల ఉంటే కె గిన్నె. అక్షరం ఆ తర్వాతే కొట్టేవాళ్ళం."

వాకిట్లో మిరపకాయ చిటపటమంది.

"కె డబ్బాలో సరైనది ఉండదు. ఒక్కటి కూడా. సరైనవీ, సరైనదానికి దగ్గర్లో ఉన్నవీ అన్నీ మేం ముందే తీసేసేవాళ్ళం. మీగడంతా తీసేసిన గిన్నెలో మీగడ తరక ఏరానంటున్నారు మీరు. అదీ నాలుగు."

"ఐదు," అన్నాడు మాస్టారు.

ఇంక కఫానాలో నవ్వులు ఆగలేదు. రాదిసావ్ అయితే కళ్ళు తుడుచుకున్నాడు, మిరపకాయ ఘాటు అన్నాడు గానీ ఎవరూ నమ్మలేదు. ముప్పై ఏళ్ళుగా మేస్త్రి గాలి తీయాలని ఊరంతా తంటాలు పడింది. ఎవరు ఎటునుంచి పొడిచినా ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. వంతెనకే జవాబుంది. ఈ చిన్న కెపాసిటరుకి లేకపోయింది. మాస్టారు ఆయన మొహం చూస్తూ, ఇప్పుడేం చెబుతాడా అని ముందుకి వంగాడు.

మేస్త్రి మాత్రం ఆ నవ్వులు వింటున్నట్టు లేడు. దెసాంకానే చూస్తున్నాడు.

"ఒక్కటి కూడా ఉండదా?" అని మెల్లిగా అడిగాడు.

"ఉంటే నన్ను ఆ బల్ల దగ్గర ఉండనిచ్చేవారు కాదు."

"ప్రతి డబ్బాలోనూ అంతేనా? నేను కొన్న ఆ ఒక్కటే కాదు కదా?"

"ప్రతి డబ్బా అంతే. ఎందుకలా అడుగుతున్నారు?"

మేస్త్రి టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. రాదిసావ్ నవ్వు దానంతటదే తగ్గింది.

"నేను గోటితో మీటలేదండీ," అన్నాడు. "మీటరుతో కొలిచాను. మొదటి రోజు వంద కొలిచాను, ఐదు లోపల ఒక్కటి లేదు. అన్నీ అయితే ఎక్కువ, కాకపోతే తక్కువ. రెండో రోజు ఇంకో రెండు వందలు. లేదు. మీటరు పాడైందనుకుని మాస్టారి బళ్ళో మీటరు అడిగి తెచ్చుకున్నాను. అదీ అదే చెప్పింది. వెయ్యీ కొలిచాను. వెయ్యిలో ఒక్కటైనా సరైనది తగలకుండా ఎవడికైనా ఉంటుందా? అప్పుడు నాకు అర్థమైంది, నా చెయ్యే మంచిది కాదని. ఆ పక్క వీధి మేస్త్రి కొని ఉంటే నలభై దొరికేవి, నేను పట్టుకునేసరికి ఒక్కటీ లేదు. ఈ మాట ఎవరితో చెప్పుకోను? ఊరంతా మేస్త్రీ మేస్త్రీ అని పిలుస్తోంది. అందుకని నాలుగు దొరికాయని చెప్పాను. ఒకసారి చెప్పాక ఇంక దాన్ని పోషించుకోవాలి కదా."

తొంభై సార్లు విన్న కథ వెనక ఇంత చిన్న సిగ్గు దాక్కుని ఉందని మాస్టారికి తట్టనే లేదు. తన బడి మీటరు నెల రోజులు ఎందుకు తిరిగి రాలేదో మాత్రం ఆయనకి ఇప్పుడు తెలిసింది. బల్ల మీది పుల్లల్ని ఒక్కొక్కటే ఏరి అగ్గిపెట్టెలో వేసుకోసాగాడు.

దెసాంకా మొహంలో మొదటిసారి ఏదో కదిలింది. "మీ చేతికేం కాలేదు. మీగడ నేనే తీశాను," అంది. ఆ వెంటనే నుదురు ముడిచింది. "కానీ ఆ పెట్టె సరిగ్గానే పలుకుతోంది. నేను మొన్న నా చెవులతో విన్నాను. సరైనది ఒక్కటీ లేకుండా అదెలా కుదిరింది?"

"కుదర్లేదండీ, కుదిర్చాను," అన్నాడు మేస్త్రి. ఈసారి చేతులు తిప్పలేదు, గొంతు పెంచలేదు. కావలసినదానికి సగం విలువ ఉన్నవి ఇంకో డబ్బా కొన్నానన్నాడు. అదీ కె డబ్బాయే, అదీ అంతే. ఒక్కటి పెట్టాల్సిన చోట రెండు పక్కపక్కన పెట్టాడట, ఏడు శాతం ఎక్కువ తూగేది ఒకటి, దానికి జతగా సరిగ్గా ఏడు శాతం తక్కువ తూగేది ఒకటి. దీని ఎక్కువ దాని తక్కువని పూడ్చేస్తుంది. ఇంకా పిసరంత మిగిలితే చిట్టి కెపాసిటరు ఒకటి అతికించాడు. రెసిస్టర్లని కూడా అలాగే జతలు కట్టాడు. ఎడమ వైపు కట్టినది కుడి వైపుదానితో కలవకపోతే విప్పి మళ్ళీ కట్టాడు. లోపల చూస్తే అతుకుల బొంతలా ఉంటుందనీ, అందుకే ఇన్నేళ్ళలో ఆ పెట్టె మూత ఎవరి ముందూ తీయలేదనీ చెప్పాడు. మంచి మేస్త్రి అయితే నాలుగు ముక్కలతో శుభ్రంగా కట్టేవాడు అన్నాడు.

"నాలుగు ముక్కలతో కట్టడానికి సరైన ముక్కలు ఉండాలి," అంది దెసాంకా. ఆవిడ పెట్టె మూత తీయించి చూడాలనలేదు. గోడ గడియారం ఒంటి గంట కొట్టింది. వంతెన అవతల బస్సు హారను వినిపించింది. ఆవిడ కదల్లేదు.

"ఆ జతలు కట్టడానికి ఎన్నాళ్ళు పట్టింది?" అని అడిగింది.

"మూడు నెలలు," అన్నాడు మేస్త్రి.

దెసాంకా ఆయన వైపు ఊరికే చూసింది. పంతొమ్మిదేళ్ళు ముల్లు వైపు చూసిన చూపు అది, ఎక్కువగానీ తక్కువగానీ అడగదు, ఎక్కడ ఆగుతుందా అని చూస్తుంది. మేస్త్రి కుర్చీలో సర్దుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఇరవై రెండు రోజులు," అన్నాడు. "అందులో ఒక ఆదివారం చెయ్యలేదు."

మాస్టారు అగ్గిపెట్టె మూసి జేబులో పెట్టుకున్నాడు. దెసాంకా ఒళ్ళోంచి సంచి తీసి, బల్ల మీదుగా ఆయన వైపు జరిపింది.

"మా మిలుంకాది అంత గొప్ప గొంతేం కాదు," అంది. "పై స్వరాల్లో కాస్త వణికేది. ఆ వణుకు అలాగే ఉండనివ్వండి. ఏదీ పెంచకండి, ఏదీ తగ్గించకండి."

మేస్త్రి రెండు చేతులూ కోటుకి తుడుచుకుని దాన్ని అందుకున్నాడు.